కొండవాలులో నీటి పైపు ఒకేచోట పదేపదే ఊడిపోతుంటే

పాడేరు, అరకు వైపు చాలా కొండ ఊళ్లకు ఊటనీరు పైపులోనే దిగుతుంది. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కానీ వానాకాలంలో ఆ పైపు ఊడితే ఆడవాళ్లు మళ్లీ బిందెలు పట్టుకుని గెడ్డకు (కొండవాగుకు) దిగాల్సిందే. ఒకేచోట రెండోసారి ఊడిందంటే పైపును తిట్టుకోవద్దు, కింద నేలను అనుమానించండి. జాయింటు మార్చి మన్ను కప్పేస్తే వచ్చే వానకు మళ్లీ అదే పని.

సమస్య: జాయింటు పగల్లేదు, ఊడి వచ్చింది

తవ్వగానే పైపు కొనలు చూడండి. పాతబడి పగిలిన పైపు అంచు పెచ్చులు లేచి ఉంటుంది. నేల లాగేసిన పైపు సాకెట్ (పక్క పైపు కొన దూరే వెడల్పు మూతి) చెక్కుచెదరదు. రబ్బరు రింగు మెలి తిరిగి బయటికి వచ్చి ఉంటుంది, రెండు కొనల మధ్య బెత్తెడు సందు కనిపిస్తుంది. అదే వాలు అడుగున అయితే పైపు విల్లులా పైకి ఉబుకుతుంది. పైన లాగిన నేలే అక్కడ నెడుతోందన్నమాట.

తర్వాత వాన లేని రోజు చూసి పైకి నడవండి. నెలవంకలా వంగిన పగులు, ఒరిగిన చెట్లు, ఎప్పుడూ లేనిచోట చెమ్మ కనిపిస్తే అనుమానం తీరినట్టే. పగులుకు అటొకటి ఇటొకటి మేకులు దిగ్గొట్టి, మధ్య దూరం టేపుతో కొలిచి తేదీ వేసి రాసుకోండి. వారం వారం పెరుగుతుంటే నేల ఇంకా నడుస్తోంది. గంటల్లోనే పెరుగుతుంటే పైపు సంగతి వదిలేసి, కింద ఇళ్లలో ఉన్నవాళ్లను ఖాళీ చేయించండి.

కారణం: ఎక్కువసార్లు నీళ్లే

పైపు కోసం తవ్విన కందకాన్ని వదులు మట్టితో పూడుస్తాం. చుట్టూ గట్టినేల, మధ్యలో గుల్ల. వాననీరు ఆ దారే పట్టుకుని దిగి, బంకమట్టి పొరను నానబెట్టి, పైనున్న బరువును జారుస్తుంది. ఊట ట్యాంకు పొర్లిన నీరూ అక్కడికే చేరుతుంది. నేల జారితే జాయింటు కారుతుంది, జాయింటు కారితే నేల ఇంకా జారుతుంది.

పరిష్కారం

ముందు నీళ్లను మళ్లించండి. పగులుకు ఎగువన అడ్డంగా కాలవ తీసి గెడ్డలో కలపండి. ట్యాంకు పొర్లే నీటికి విడిగా పైపు పెట్టండి. పగులును బంకమట్టితో కూరి దిమ్మిస కొట్టండి. కందకంలో అక్కడక్కడ మట్టి బస్తాలతో అడ్డుకట్టలు వేసి, ఆగిన నీరు పక్కకు పోయేలా దారి వదలండి. వాలు ఎక్కువైతే అడ్డుకట్టలు దగ్గర దగ్గరగా ఉండాలి.

ఆ తర్వాతే పైపు. వీలుంటే జారే చోటును చుట్టి వెళ్లండి. తప్పకపోతే వాలుకు అడ్డంగా కాకుండా నిలువుగా దించండి. అడ్డంగా వేస్తే జారే మన్నంతా పక్కనుంచి తోస్తుంది. రబ్బరు రింగు జాయింట్లు లాగుడుకు ఆగవు. కొనలు కరిగించి అతికిన నల్ల హెచ్‌డీపీఈ (వంగే గట్టి ప్లాస్టిక్) గొట్టమే అక్కడ నయం, అదీ కాస్త పాములా వంకరలు పోనిచ్చి. ఈ గొట్టం 100 మీటర్ల పొడవుకు, 10 డిగ్రీలు చల్లబడితే చాలు, సుమారు 18 సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం బిగలాగి పూడ్చేయొద్దు, చల్లబడ్డాక పూడ్చండి. నేల ఇంకా కదులుతుంటే అసలు పూడ్చకుండా పైనే పరిచి ఉంచడం నా లెక్కలో మేలు. లాగుడు కంటికి కనిపిస్తుంది, సర్దుకోవచ్చు.

గట్టిదనం కోసమని జారే నేలలో కాంక్రీటు దిమ్మె పోసి పైపును బిగించకండి. దిమ్మె కూడా నేలతోపాటే దిగుతుంది, పైపు దాని అంచు దగ్గరే తెగుతుంది. దిమ్మెలు గట్టినేల మీద, వంపుల దగ్గర ఉండాల్సినవి.

నల్లరేగడిలో కొండ లేకపోయినా ఇదే బాధ. ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి నేల పైపును ఎత్తి దించుతుంది. కందకం వెడల్పుగా తవ్వి పైపు చుట్టూ మొరం వేయండి, తీసిన నల్లగడ్డలనే తిరిగి వేయకండి.

ఒక జాగ్రత్త. వంగిన పైపును కోయబోయే ముందు వాల్వు కట్టి నీళ్లు వదిలేయండి, రెండు వైపులా బాగా దూరం వరకు మన్ను తీసి బిగువు సడలనివ్వండి. బిగువు మీద కోస్తే కొన విసురుగా ఎగురుతుంది. కోసేవాళ్లు వంపుకు ఎదురుగా నిలబడకూడదు.