మన కారు పని మనమే: మూడో పాఠం – డ్రైన్ బోల్టు స్లిప్ అయితే

పోయిన పాఠంలో పాత ఆయిల్ దించి కొత్తది పోయడం చూశాం. ఆ పనిలో చాలామంది చిక్కుకునేది ఒక్క చోటే, ఇంజిన్ కింద ఆయిల్ చాంబర్‌కు ఉండే డ్రైన్ బోల్టు దగ్గర. అందుకే ఈ పాఠం మొత్తం దానికే.

"బోల్టు స్లిప్ అయిందన్నా" అని అందరూ ఒకటే మాట అంటారు కానీ ముందు ఏది పోయిందో చూసుకోవాలి. తల మూలలు అరిగి పానా జారుతోందా, లేక తల బాగానే ఉండి బోల్టు ఊడకుండా, బిగియకుండా ఊరికే తిరుగుతోందా? తల అరిగితే కొత్త బోల్టుతో పోతుంది. ఊరికే తిరిగితే మాత్రం చాంబర్ మర కూడా పోయి ఉండవచ్చు, దానికి ఖర్చూ ఓపికా రెండూ కావాలి.

కారు కిందికి వెళ్లే ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో లేపాక స్టాండ్లు పెట్టండి. ఒట్టి జాకీ మీద గానీ, ఇటుకలు పేర్చి గానీ ఉన్న బండి కింద తల పెట్టొద్దు, ఇందులో మొహమాటం వద్దు. బండి లేపకముందే ఇంజిన్ కాసేపు నడిపి గోరువెచ్చగా చేస్తే బోల్టు కాస్త తేలిగ్గా కదులుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది.

తల అరిగిన బోల్టుకు పన్నెండు మూలల రింగ్ పానా వాడితే మిగిలిన మూలలు కూడా పోతాయి. ఆరు మూలల సాకెట్ కావాలి. మారుతి, హ్యుందాయ్ కార్లలో చాలావాటికి 17 నంబర్ పడుతుంది, టయోటాల్లో ఎక్కువగా 14. అదీ జారితే ఒక సైజు చిన్న సాకెట్‌ను సుత్తితో దిగగొట్టి తిప్పండి. బోల్టు ఎలాగూ పారేసేదే కాబట్టి తల పాడైనా పర్వాలేదు. ఇంకో మాట, కింద పడుకున్నప్పుడు కుడి ఎడమలు తారుమారై విప్పబోయి బిగించేవాళ్లు చాలామంది. బోల్టు తలకు ఎదురుగా మీ ముఖం ఉన్నట్టు ఊహించుకుని ఎడమకు తిప్పండి.

ఊరికే తిరిగే బోల్టుకు ఉపాయం వేరే. బోల్టు తల వెనక సందులో సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి బయటికి నెడుతూ నెమ్మదిగా తిప్పితే, మిగిలిన మర పట్టుకుని బయటికి వచ్చేస్తుంది. వచ్చాక తుడిచి వెలుతురులో చూడండి. మరల మధ్య తెల్లటి లోహపు తీగ చుట్టుకుని ఉంటే అది బోల్టుది కాదు, అల్యూమినియం చాంబర్ లోపలి మర ఊడి వచ్చింది. చాంబర్ ఇనుముదా కాదా తెలియకపోతే అయస్కాంతం పెట్టండి, అతుక్కోకపోతే అల్యూమినియం.

ఇక్కడే ఎక్కువమంది టెఫ్లాన్ టేపు చుట్టడమో, ఎంసీల్ పెట్టడమో చేస్తారు. దయచేసి వద్దు. వాటి ముక్కలు ఆయిల్‌లో కలిసే ప్రమాదం ఉంది, పైగా తర్వాతిసారి విప్పలేరు. సరైన పని ఏంటంటే రంధ్రానికి కొత్త టాపు కొట్టించి, అంటే మర కోసే పనిముట్టుతో కొత్త మర కోయించి, లోపల స్టీలు మర చుట్ట, అంటే హెలికాయిల్, వేయించడం. చాలా కార్లకు అది ఎం14, 1.5 పిచ్ సైజు, అంటే బోల్టు మందం 14 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు. చేతి అలవాటు లేకపోతే చాంబర్ విప్పి వరంగల్ ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లకు ఇవ్వండి. విప్పకుండా కారు మీదే చేయిస్తే టాపుకు గ్రీజు పూయమనండి, పొట్టు దానికి అంటుకుంటుంది. తర్వాత అర లీటరు చవక ఆయిల్ పోసి కింది నుంచి వదిలి కడగండి.

అసలు ఈ మర పోవడానికి కారణం బలం. చుక్క కారుతుంటే ఇంకాస్త బిగిస్తాం, ఇంకా కారితే ఇంకాస్త. కానీ కారడం ఆపేది వాషర్, బిగింపు కాదు. విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్ వేస్తే సరిపోతుంది, బోల్టు కంటే చాలా తక్కువ ధర. చిన్న కార్లకు బిగింపు దాదాపు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు, మీ కారు పుస్తకంలో సరిచూసుకోండి. ఇరవై సెంటీమీటర్ల పానా చివర పద్దెనిమిది, ఇరవై కిలోల బరువు వేలాడినంత. అంతకుమించి కాలితో తన్నడం, పైపు తగిలించడం అక్కర్లేదు.

మేడారం వెళ్లే ముందు రోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ములుగు దాటాక తాడ్వాయి అడవిలో బోల్టు ఊడిందంటే ఆయిల్ కారిపోయి ఇంజిన్ పట్టేస్తుంది. పని పూర్తయ్యాక రెండు నిమిషాలు ఇంజిన్ నడిపి, బోల్టు పొడిగా తుడిచి, రాత్రి కింద పేపరు పరచి, పొద్దున చూడండి. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి. పాత ఆయిల్‌ను మోరీలో పోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్ షాపుకు ఇచ్చేయండి.

వచ్చే పాఠం ఆయిల్ ఫిల్టర్ గురించి, అది చేత్తో ఊడకపోతే ఏం చేయాలో చూద్దాం.