ప్రెయిరీలో చిన్న ఊరిని అంచనా వేయడం ఎలా

కెనడాలో ప్రెయిరీ (గడ్డి మైదానాల) రాష్ట్రమైన సస్కాచెవాన్‌లో చిన్న ఊరికి మారదామనుకుంటే ముందు స్టాటిస్టిక్స్ కెనడా సైట్లో 2016, 2021 సెన్సస్ లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూడండి, జనం తగ్గారో పెరిగారో అక్కడే తెలిసిపోద్ది. టౌన్ అన్నారని మురిసిపోకండి, 500 మందుంటే టౌన్ అయిపోవచ్చు, సిటీ అవ్వాలంటేనే 5,000 కావాలి.

ఇక రైలు పట్టాల వెంబడి దగ్గర దగ్గరగా అన్ని ఊళ్లెందుకంటే, అప్పట్లో రైతు గుర్రబ్బండి మీద గోధుమలు పట్టాల పక్కనుండే ఎలివేటర్‌కి (ధాన్యం నిల్వచేసి రైలుకెక్కించే గోదాం) తోలి అదే రోజు ఇల్లు చేరాలి కదా, లారీలొచ్చాక ఆ అవసరం పోయింది, చాలా ఊళ్లు చిక్కిపోయాయి.

అందుకే ఒకసారి జనవరి చలిలో వెళ్లి చూడండి (ఎండాకాలంలో ప్రతి ఊరూ బాగానే ఉంటది): స్కూల్ నడుస్తోందా, సాయంత్రం ఐస్ రింక్ (మంచు మీద స్కేటింగ్, హాకీ ఆడే చోటు) ముందు ఎన్ని పికప్ ట్రక్కులు ఆగున్నాయి. ఎదురొచ్చే డ్రైవర్ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేపితే అది పలకరింపే, మీరూ లేపండి.