ఫాంటసీ కథలో పక్షిని పాత్రగా మలచడం ఎలా?

పక్షికి మాటలు నేర్పితే చాలు, ఫాంటసీ పాత్ర సిద్ధమైనట్టేనని కొత్తగా రాసేవారు అనుకుంటారు. అలా పుట్టిన పక్షి చాలాసార్లు ఈకలు తొడుక్కున్న మనిషిగానే మిగిలిపోతుంది.

ముందుగా, తరచూ చూడగలిగే పక్షిని ఎంచుకోండి. చెన్నైలో ఉంటున్న మనవారికి పళ్లికరణై చిత్తడినేల, అడయారు నదీముఖం అందుబాటులోనే ఉన్నాయి. అక్కడికి వెళ్లే తీరిక లేనివారికి మేడ మీద వాలే కాకి చాలు. అది ఏ వేళకు వస్తుందో, ఎవరిని చూసి ఎగిరిపోతుందో, దొరికిన ముక్కను ఎక్కడ దాస్తుందో వారం రోజుల పాటు నోటుపుస్తకంలో రాసుకోండి.

రెండవ పని, దాని శరీరం దేనికి ఒప్పుకోదో తెలుసుకోవడం. గుడ్లగూబ కనుగుడ్లు అటూ ఇటూ కదలవు కనుక అది తలనే దాదాపు 270 డిగ్రీల వరకు తిప్పుతుంది. అంటే మీ కథలోని గుడ్లగూబ మంత్రి ఓరకంట చూడలేడు, ఎవరిని అనుమానిస్తున్నాడో సభకంతా తెలిసిపోతుంది. చెన్నై దగ్గరి వేడంతాంగల్ పక్షుల అభయారణ్యానికి వచ్చే ఎర్రకాళ్ల కొంగ పెద్దదయ్యాక గొంతు విప్పడం అరుదు, ముక్కును టకటకలాడిస్తుంది. అటువంటి దూతకు పేజీల కొద్దీ సంభాషణలు రాయకండి.

మూడవది, అద్భుతశక్తిని ఆ శరీరం నుంచే పుట్టించండి. రామాయణంలో జటాయువు అన్న సంపాతి రెక్కలు కాలి ఎగరలేడు, అయినా గృధ్రజాతికి, అంటే రాబందులకు, సహజమైన దూరదృష్టితో లంకలోని సీతను చూడగలిగాడు. లోపమూ శక్తీ ఒకే దేహంలో ఉన్నాయి.

ఇక కథాంశాన్ని పక్షి అలవాట్లలో వెతకండి. నా దృష్టిలో అన్నిటికన్నా ఫలితమిచ్చే పని ఇదే. చెన్నై ఎండాకాలంలో తెల్లవారకముందే కుహూకుహూ అని నిద్రలేపేది మగకోయిల. తెల్లచుక్కల గోధుమరంగు ఆడకోయిల కాకిగూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. ఆ గూట్లో పెరిగిన పిల్ల తనది ఏ భాష అనుకుంటుంది? ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలున్నవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. కాకితల్లిని మోసపోయిన అమాయకురాలిగా తేల్చేయకుండా, అంతా తెలిసే పెంచుతున్నదని ఒక అధ్యాయం రాసి చూడండి, కథ దారి మారిపోతుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక పక్షి ఉన్నచోటల్లా మనిషిని పెట్టి చదవండి. ఏ వాక్యమూ అడ్డుపడకపోతే, నోటుపుస్తకం పట్టుకుని మళ్లీ మేడ ఎక్కవలసిందే.