ఫ్యామిలీ కారు కొనే ముందు క్రాష్ టెస్ట్ రిపోర్టు చదవడం ఎలా?

"ఫైవ్ స్టార్ సార్, సేఫ్టీ గురించి మీరింక ఆలోచించనక్కర్లేదు" అని షోరూమ్‌లో చెబితే నమ్మి అడ్వాన్స్ కట్టేదాకా వెళ్లాను. ఆ రాత్రి ఎందుకో మనసొప్పక టెస్ట్ రిపోర్టు తెరిచి చూస్తే, టెస్టులో గుద్దించిన కారులో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, మేం బుక్ చేయబోతున్న వేరియంట్‌లో రెండే ఉన్నాయి. అంటే ఆ ఐదు స్టార్లు మేం కొనబోయే కారువి కావు. అప్పటి నుంచి చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరు కారు కొంటున్నా "ముందు రిపోర్టు పంపండి, తర్వాత రంగు గురించి మాట్లాడుకుందాం" అంటున్నాను. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, ఓ గంట ఓపిక ఉంటే చాలు.

1. ఎవరు ఏ సీట్లో కూర్చుంటారో ముందు రాసుకోండి

మిడ్‌సైజ్ కారు కొనేదే వెనక సీటు కోసం. పిల్లలు, అమ్మానాన్నలు, ఒక్కోసారి మధ్యలో మూడో మనిషి. అందుకే ఒక కాగితం మీద మీ ఇంట్లో వాళ్ల పేర్లు సీట్ల వారీగా రాసుకోండి, పిల్లల వయసు, ఎత్తు కూడా పక్కన వేయండి. ఇదెందుకంటే, రిపోర్టులో పైన కనిపించే స్టార్ మొత్తం కారుకి ఇచ్చింది, మీ అమ్మ కూర్చునే సీటుకి ఇచ్చింది కాదు.

చాలా ఏళ్లు ఈ టెస్టుల దృష్టంతా ముందు సీట్ల మీదే ఉండేది. కంపెనీలు కూడా దానికి తగ్గట్టే ముందు సీట్లకి మంచి బెల్టులు, ఎయిర్‌బ్యాగులు పెడుతూ వచ్చాయి, వెనక సీటు వెనకబడిపోయింది. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ 2022లో తన పాత టెస్టుని మార్చి, డ్రైవర్ వెనక సీట్లో కూడా ఒక డమ్మీని, అంటే మనిషికి బదులు పెట్టే బొమ్మని, కూర్చోబెట్టింది. అది పొట్టి ఆడమనిషి అంత, లేదా పన్నెండేళ్ల పిల్ల అంత ఉంటుంది. 2023లో ఏడు మిడ్‌సైజ్ కార్లను అలా గుద్దిస్తే అన్నిటికన్నా పై రేటింగ్ 'గుడ్' వచ్చింది ఒక్క హోండా అకార్డ్‌కే. మిగతావాటిలో చాలావాటిని కిందికి లాగింది వెనక సీటే.

అక్కడ ఏం జరుగుతుందో వీడియో నెమ్మదిగా ఆడిస్తే కనిపిస్తుంది. నడుం మీది బెల్టు తుంటి ఎముక దగ్గర పట్టుకుని ఆగాలి. అలా ఆగకుండా జారి పొట్ట మీదికి ఎక్కిందంటే, మనిషి బరువంతా మెత్తటి భాగం మీద పడి లోపలి అవయవాలు దెబ్బతింటాయి. నేనైతే ఈ వీడియో చూశాకే వెనక సీటు బెల్టు గురించి అడగడం మొదలుపెట్టాను. గుద్దుకున్న క్షణంలో బెల్టుని బిగించే ప్రీటెన్షనర్, ఛాతీ మీద ఒత్తిడి మరీ పెరగకుండా కాస్త వదిలే లోడ్ లిమిటర్, ఈ రెండూ వెనక కూడా ఉన్నాయా అని మీరూ అడగండి. సేల్స్ వాళ్లకి తెలియకపోతే బ్రోషర్‌లో గానీ రిపోర్టులో గానీ చూడండి.

2. స్టార్ ఎవరిచ్చారు, ఏ ఏడాది ఇచ్చారు?

ఐదు స్టార్లు అంటే అన్ని చోట్లా ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కారుని గంటకు 56 కిలోమీటర్ల వేగంతో నేరుగా గోడకి, ముందు భాగం మొత్తం తగిలేలా గుద్దిస్తుంది. కార్లని గుద్దించి స్టార్లిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్, అదే పని మన దేశంలో చేసే భారత్ ఎన్‌క్యాప్‌ల ముందువైపు టెస్టులో వేగం 64 కిలోమీటర్లు, తగిలేది కారు వెడల్పులో 40 శాతమే, డ్రైవర్ వైపు. యూరప్‌లో స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2020 నుంచి ఇంకో పద్ధతి పెట్టింది, 1,400 కిలోల ట్రాలీ ఒకవైపు నుంచి, కారు ఇంకోవైపు నుంచి, రెండూ చెరో 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దుకుంటాయి. ఐఐహెచ్ఎస్ అసలు స్టార్లే ఇవ్వదు. గుడ్, యాక్సెప్టబుల్, మార్జినల్, పూర్ అని మాటల్లో చెబుతుంది. కాబట్టి ఒక సంస్థ ఇచ్చిన నాలుగు స్టార్లని ఇంకో సంస్థ ఇచ్చిన ఐదుతో పోల్చి ఇది తక్కువ, అది ఎక్కువ అనుకోకండి.

ఏడాది ఇంకా ముఖ్యం. దీనికి ఫియట్ పుంటో కథ ఒక్కటి చాలు. 2005లో యూరో ఎన్‌క్యాప్ దగ్గర ఐదు స్టార్లు తెచ్చుకున్న ఆ మోడల్, 2017లో మళ్లీ టెస్ట్ చేస్తే సున్నా. కారు పాడైపోయి కాదు, పన్నెండేళ్లలో పరీక్ష కఠినమైంది, కారు అక్కడే ఆగిపోయింది. పైగా ఆ సున్నా రావడానికి పెద్ద కారణం, డ్రైవర్‌కి సాయపడే సాంకేతిక పరికరాల భాగంలో దానికి మార్కులేవీ రాకపోవడం. అందుకే రిపోర్టులో ముందుగా తేదీ వెతకండి. యూరో ఎన్‌క్యాప్ తన రేటింగులు ఆరేళ్ల తర్వాత చెల్లవని తనే చెబుతోంది, పాత రేటింగ్‌తో యాడ్ వేసుకునేవాళ్ల మాట వేరే.

3. టెస్ట్ చేసిన కారు, మీరు కొనే కారు ఒకటేనా?

నేను బోల్తా పడబోయింది ఇక్కడే. రిపోర్టు మొదటి పేజీలోనే ఏ వేరియంట్ టెస్ట్ చేశారు, ఎన్ని ఎయిర్‌బ్యాగులు, రేటింగ్ ఏ ఏ వేరియంట్లకి వర్తిస్తుంది అనేవి సాధారణంగా రాసి ఉంటాయి. దాన్ని మీ కొటేషన్ కాగితం పక్కన పెట్టి ఒక్కో లైను సరిచూడండి. ముఖ్యంగా పక్క కిటికీల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ముందు వరుసకేనా, వెనక దాకా ఉన్నాయా? కారు అదుపు తప్పకుండా కాపాడే ఈఎస్‌సీ అన్ని వేరియంట్లలో ఉందా? అదే పేరుతో వేరే దేశంలో అమ్మే కారుకి వచ్చిన రేటింగ్‌ని కూడా మీది అనుకోవద్దు, లోపల వాడే బలమైన ఉక్కు దగ్గర్నుంచి బెల్టుల దాకా తేడాలుండొచ్చు.

4. అంకెల కన్నా ముందు వీడియో చూడండి

గుద్దుకోవడం అంతా కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది, అందుకే వీడియోని అతి నెమ్మదిగా ఆడించండి. బానెట్ నుజ్జునుజ్జు అయితే కంగారు పడకండి, అది నలగడానికే ఉంది, అలా నలిగి దెబ్బని మింగుతుంది. చూడాల్సింది దాని వెనకున్న గది, అంటే మనుషులు కూర్చునే భాగం. ముందు అద్దం పక్కనుండే పిల్లర్ వంగిందా? తలుపు ఫ్రేము అలాగే ఉందా, మడతపడిందా? స్టీరింగ్ డమ్మీ ఛాతీ వైపు జరిగిందా? పెడళ్ల దగ్గర నేల పైకి లేచిందా? గ్లోబల్ ఎన్‌క్యాప్ రిపోర్టుల్లో ఈ గది గురించి 'స్టేబుల్', 'అన్‌స్టేబుల్' అని ఒక్క మాట ఉంటుంది. నేను ముందు వెతికేది ఆ మాటనే. అన్‌స్టేబుల్ అని ఉందంటే, అంతకన్నా కాస్త గట్టి దెబ్బ తగిలితే ఆ గది తట్టుకోలేదని అర్థం, అప్పుడు ఎయిర్‌బ్యాగులు ఎన్నున్నా నాకు ధైర్యం రాదు.

డమ్మీ ముఖానికి రంగు పూస్తారు, గమనించండి. టెస్ట్ అయ్యాక ఆ రంగు మరక ఎక్కడ అంటుకుందో చూస్తే తల దేనికి కొట్టుకుందో తెలిసిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ మధ్యలో అంటుకుంటే మంచిదే. పిల్లర్ మీదో, డ్యాష్‌బోర్డు మీదో కనిపిస్తే ఆలోచించాలి.

గది గట్టిగా ఉండటం అంటే ఏంటో తెలియాలంటే 2009లో ఐఐహెచ్ఎస్ చేసిన ఒక టెస్ట్ చూడండి. 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌ని, 2009 మాలిబు అనే మిడ్‌సైజ్ కారుని ఎదురెదురుగా గుద్దించారు. "పాత కార్లు ఇనుప ముద్దలు, ఇప్పటివి రేకు డబ్బాలు" అనేవాళ్లకి ఇది తప్పకుండా చూపించాలి. పాత కారు ముందు భాగం డ్రైవర్ మీదికే వచ్చిపడింది, ఆ డ్రైవర్ బతికేవాడు కాదు. మాలిబు డ్రైవర్ కాలికి చిన్న దెబ్బతో బయటపడేవాడు.

ఇంకో సంగతి. కారు అంచు మాత్రమే, అంటే వెడల్పులో 25 శాతం మాత్రమే తగిలే టెస్ట్‌ని ఐఐహెచ్ఎస్ 2012లో మొదలుపెట్టింది. చెట్టుకో స్తంభానికో అంచు తగిలితే దెబ్బని తట్టుకునే పొడవాటి ఉక్కు పట్టీలు పక్కనే ఉండిపోతాయి, దెబ్బంతా చక్రం మీదుగా కాళ్ల దగ్గరికి వస్తుంది. ఆ ఏడాది ఈ టెస్టులో మంచి పేరున్న టొయోటా క్యామ్రీకి కూడా 'పూర్' వచ్చింది. తర్వాత కంపెనీలు సరిచేసుకున్నాయి, కానీ కొన్ని డ్రైవర్ వైపు మాత్రమే గట్టి చేసి పక్క సీటు వైపు వదిలేశాయని బయటపడింది, దాంతో 2017 నుంచి పక్క సీటు వైపు కూడా రేటింగ్ ఇస్తున్నారు. మీ ఇంట్లో ఆ సీట్లో ఎవరు కూర్చుంటారో కాగితం మీద రాసుకున్నారు కదా, అటువైపు ఫలితం కూడా చదవండి.

5. బొమ్మ రంగులు, మార్కులు

రిపోర్టులో మనిషి బొమ్మకి తల, మెడ, ఛాతీ, తొడలు, కాళ్లకి వేరువేరు రంగులు వేసి ఉంటాయి. ఆకుపచ్చ అంటే రక్షణ బాగుంది, తర్వాత పసుపు, నారింజ, గోధుమ, చివరికి ఎరుపు. కాలి దగ్గర పసుపు ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. తల, మెడ, ఛాతీ దగ్గర గోధుమ గానీ ఎరుపు గానీ ఉంటే, మొత్తం మీద ఎన్ని స్టార్లున్నా ఆ కారుని పక్కన పెడతాను.

మార్కులు కూడా విడివిడిగా చూడాలి. యూరో ఎన్‌క్యాప్ 2009 నుంచి 2025 దాకా పెద్దలు, పిల్లలు, రోడ్డు మీద నడిచేవాళ్లు, డ్రైవర్‌కి సాయపడే పరికరాలు అని నాలుగు భాగాలుగా శాతాలు ఇస్తూ వచ్చింది. భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దలకి 32, పిల్లలకి 49 మార్కులు. ఐదు స్టార్లున్న రెండు కార్లలో ఒకటి గీత మీద పాసైంది కావచ్చు, ఇంకొకటి దాదాపు పూర్తి మార్కులు తెచ్చుకున్నది కావచ్చు.

6. బరువు, వేగం

గోడకి గుద్దే టెస్టులో కారు తన బరువుతో తనే పోరాడుతుంది. అందుకే అమెరికా ముందువైపు రేటింగుల్ని బరువులో 250 పౌండ్ల లోపు, అంటే 113 కిలోల లోపు తేడా ఉన్న కార్ల మధ్యే పోల్చాలని చెబుతారు. ఐదు స్టార్ల చిన్న కారు, ఐదు స్టార్ల మిడ్‌సైజ్ కారు ఎదురెదురుగా గుద్దుకుంటే తేలిక కారులో వాళ్లకే ఎక్కువ దెబ్బ.

వేగం సంగతి చూడండి. 64 కిలోమీటర్ల వేగంతో గుద్దడం అంటే 16 మీటర్ల ఎత్తు నుంచి, దాదాపు ఐదంతస్తుల మేడ మీంచి కిందపడటం. 80 వేగానికి వెళ్తే ఆ శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 80 వేగంలో ఏమవుతుందో ఆ స్టార్లు చెప్పలేవు.

7. పిల్లల సీటు పట్టుకెళ్లండి

పిల్లల మార్కులు చూసి ఆగిపోకండి. రిపోర్టులో ఏ సీట్లో ఏ రకం చైల్డ్ సీటు పడుతుందో ఒక పట్టిక ఉంటుంది. మీ దగ్గరున్న సీటుని షోరూమ్‌కి తీసుకెళ్లి, చైల్డ్ సీటు బిగించడానికి కారు సీట్లోనే ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకి తగిలించి, వెనక పైపట్టీ కూడా కట్టి, గట్టిగా ఊపి చూడండి. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటుని పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. పెట్టక తప్పదనుకుంటే ఆ ఎయిర్‌బ్యాగ్‌ని ఆపే స్విచ్ ఉందో లేదో ముందే తెలుసుకోండి.

8. చివరగా అందరూ ఎక్కి కూర్చోండి

టెస్టులో డమ్మీలన్నీ బెల్టు పెట్టుకునే ఉంటాయి. రిపోర్టులో కారు లోపలి పెద్దల గురించి ఉన్న ప్రతి అంకె బెల్టు పెట్టుకున్న మనిషిదే, వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న మనిషికి అందులో ఒక్క స్టార్ కూడా లేదు. పైగా వెనకాల బెల్టు లేని మనిషి ఎగిరి ముందు సీటు మీద పడితే ముందున్నవాళ్ల ప్రాణానికీ ప్రమాదమే.

కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో అందరినీ తీసుకెళ్లండి. డ్రైవర్ ఛాతీకి, స్టీరింగ్‌కి మధ్య 25 సెంటీమీటర్లు ఉండాలి. హెడ్‌రెస్ట్ తల పైభాగం దాకా రావాలి, వెనక సీట్లో కూడా. మధ్యలో కూర్చునేవాళ్లకి భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు ఉందా, నడుం పట్టీతో సరిపెట్టారా చూడండి. తర్వాత అమ్మనో నాన్ననో వెనక కూర్చోబెట్టి, ఎవరి సాయం లేకుండా బెల్టు లాగి పెట్టుకోమనండి. బకిల్ సీటు సందులో కూరుకుపోయి చేతికి అందట్లేదంటే, రెండో రోజు నుంచి వాళ్లు ఆ బెల్టు పెట్టుకోరు.