పడమర వైపు నీడ పడ్డాకే మిగతా తోట

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. గుంటూరులో మా పెరటి నల్లరేగడి ఏటా మే నెలలో అలాగే నెర్రెలిస్తుంది, ఒక్కో నెర్రెలోకి నా చెయ్యి మణికట్టు దాకా దిగుతుంది. ఇలాంటి నేలలో, 44, 45 డిగ్రీల ఎండలో తోట పెట్టాలనుకునేవాళ్ళు ముందు నర్సరీకి పరిగెడతారు, నేనూ అదే చేశాను. ఇల్లు కట్టుకున్న ఏడాది పడమర వైపు కొరియన్ గడ్డి పరిపించి, గోడ వెంబడి గులాబీలు పెట్టించాను. రెండు పూటలా నీళ్ళు పెట్టినా మే చివరికి గడ్డి ఎండు చాపలా అయిపోయింది, గులాబీ కొమ్మలు గోడ వైపు నుంచి మాడుతూ వచ్చాయి. మధ్యాహ్నం మూడింటికి ఆ గోడ మీద చెయ్యి ఆనిస్తే గానీ సంగతి తెలియలేదు, పైనుంచి ఎండ, పక్కనుంచి గోడ సెగ, మధ్యలో మొక్క.

అందుకే మొక్కలు కొనకముందు ఒక ఆదివారమంతా మీ స్థలాన్ని చూడండి. కాగితం మీద ఇంటి బొమ్మ గీసి పొద్దున పదింటికి, ఒంటిగంటకి, నాలుగింటికి నీడ ఎక్కడ పడుతోందో గీతలు పెట్టుకోండి. తూర్పు ఎండ మొక్కకి మేలే. ప్రాణం తీసేది పడమటి ఎండ, దాంతోపాటు వీచే వడగాలి. మీ బడ్జెట్‌లో మొదటి రూపాయి పడమటి నీడకే పోవాలి.

జాగా ఉంటే వేప లేదా కానుగ పెట్టండి. రెండూ ఎండలు ముదరకముందే ఆకు రాల్చి, మళ్ళీ చిగురించి, మే నెలకి నిండుగా నీడనిస్తాయి. గోడకి 15 అడుగులైనా దూరం ఉండాలి, ఎందుకంటే రేగడి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయే నేల, పునాది పక్క తేమని పెద్ద చెట్టు లాగేసిందంటే గోడ బీటలిస్తుంది. చిన్న స్థలమైతే పారిజాతం, కరివేపాకు, సీతాఫలం, దానిమ్మ చాలు. మునగ త్వరగా ఎదుగుతుంది గానీ కొమ్మ పెళుసు, గొంగళి పురుగులు కూడా పడతాయి, కిటికీ దగ్గర మాత్రం వద్దు. చెట్టు ఎదిగేదాకా ఎండని సగం ఆపే వల, అంటే 50 శాతం షేడ్ నెట్ కట్టుకోండి, లేదంటే పందిరి వేసి చిక్కుడో శంఖుపూల తీగో పాకించండి.

గుంతలు మే నెలలో తవ్వి ఎండకి వదిలేయండి, నాటడం తొలకరి పడి నేల బాగా తడిశాకే. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. రేగడిలో పార తగిలిన చోట గుంత గోడ నున్నగా అద్దంలా తయారవుతుంది, అలాగే వదిలేస్తే గుంత బకెట్‌లా మారి వాన నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. గునపంతో నాలుగు పక్కలా గీకి గరుకు చేయండి. తవ్విన మట్టి, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి, రెండు గుప్పెళ్ళ వేపపిండి వేసి నింపండి.

నీళ్ళ దగ్గరే అందరం తప్పు చేస్తాం. రోజూ పైపు పట్టుకుని పైపైన తడిపితే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి, రెండు రోజులు ఊరెళితే మొక్క పోతుంది. కుదురుకున్న చెట్టుకి వారానికోసారి లోతుగా పెట్టండి. పాదు మొదలు దగ్గర కాదు, కొమ్మల చివర్లు నేల మీద ఎక్కడిదాకా వస్తాయో అక్కడ కట్టండి. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి, లోపల చల్లగా తగిలితే ఆ రోజు నీళ్ళు అక్కర్లేదు, పైన ఎంత ఎండినట్టు కనబడినా సరే.

కొత్త మొక్కలకి నేను కుండ పెడతాను. రంగు వేయని ఐదు లీటర్ల మట్టికుండని మొక్కకి అడుగు దూరంలో మెడ దాకా పాతి, నీళ్ళు నింపి, మూకుడు మూయాలి. మట్టి ఆరేకొద్దీ కుండ చెమర్చి తేమ వదులుతుంది. రెండేళ్ళ తర్వాత దానిమ్మ దగ్గరి కుండ ఒకటి పైకి తీశాను, దాని చుట్టూ సన్నటి వేళ్ళు వల అల్లినట్టు అతుక్కుపోయి ఉన్నాయి, ఊడదీయబుద్ధి కాక మళ్ళీ అక్కడే పెట్టేశాను.

పాదులో మూడు, నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండాకులు గానీ కప్పండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. చెదలు వస్తే కింద వేపపిండి చల్లండి. మొక్కల మొదట్లో కంకర పరచకండి, రాయి వేడెక్కుతుంది. కంకర నడిచే దారికి బాగుంటుంది, నాపరాళ్ళ మధ్య సందులు వదిలి అందులో పోస్తే వాన నీరు కూడా ఇంకుతుంది. ఇంటి చుట్టూ మొత్తం సిమెంటు చేయించేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, రాత్రి పదైనా ఆ నేల సెగలు కక్కుతూనే ఉంటుంది.

ఇక అందం సంగతి. దాహం ఎక్కువున్న కనకాంబరం, మందారం, తులసి కొళాయి దగ్గర ఒక్కచోట ఉంచండి. కాగితం పూలు, గన్నేరు, ఎడారి గులాబీ దూరంగా ఎండలో పెట్టండి. కాగితం పూలకి నీళ్ళు ఎక్కువైతే ఆకే వస్తుంది, కాస్త ఎండగడితేనే చెట్టు నిండా పూస్తుంది. ఎడారి గులాబీని నేలకి జానెడు ఎత్తున దిబ్బ చేసి నాటకపోతే వానాకాలం రేగడిలో కుళ్ళిపోతుంది. గన్నేరు, ఎడారి గులాబీ రెండూ విషమే, చిన్నపిల్లలుంటే అందకుండా చూసుకోండి. సాయంత్రం కూర్చునే అరుగు పక్కన నందివర్ధనం, బొండుమల్లె పెట్టండి. తెల్లపూలు చీకట్లో కూడా కనబడతాయి, కరెంటు పోయిన రాత్రి ఆ వాసనలో కూర్చుంటే లోపలికి వెళ్ళబుద్ధి కాదు.

బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అలాంటి చోట ఆర్వో వేస్ట్ నీళ్ళు అసలు పోయకండి, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ. ఏసీ నీళ్ళు పర్లేదు. డాబా పైపు ఒకటి తోట వైపు తిప్పి ఇంకుడు గుంతలోకి వదలండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 900 లీటర్లు. మొదటి పెద్ద వానకి నీళ్ళు కాసేపు పాదుల్లో నిలవనిచ్చి తర్వాత గట్లు తెంపండి, వేసవంతా పేరుకున్న ఉప్పు చాలావరకు అప్పుడు కడుక్కుపోతుంది.