కదిలే బండి నుంచి చెత్త విసిరితే ఫిర్యాదు చేయడం ఎలా?

ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లే దారిలో ఒక ఉదయం ముందున్న కారు కిటికీలోంచి కొబ్బరి చట్నీ పొట్లం ఎగిరొచ్చి నా హెల్మెట్ అద్దానికి తగిలి పగిలింది. పోపులోని ఎండుమిరప ముక్క ఒకటి అద్దం అంచుకు అతుక్కుని ఇంటిదాకా నాతోనే వచ్చింది. ఆ రోజు మొదలు ఇలాంటి ఫిర్యాదులు చాలా రాశాను, అడిగినవారికీ రాసిపెట్టాను. చాలామంది అర్జీలు ఒకే చోట బోల్తా పడతాయి. బండి రంగు రాస్తారు, మనసుకు కలిగిన బాధ రాస్తారు, చెత్త ఎక్కడ పడిందో మాత్రం రాయరు.

కావలసినవి

ఫోను, తెల్ల కాగితాలు, నీలం సిరా పెన్ను. నల్ల సిరా వద్దు. నల్ల సిరాతో రాసిన అర్జీని జిరాక్సు అనుకుని పక్కన పెడతారు. డాష్‌క్యామ్ (బండి ముందు అద్దం దగ్గర బిగించే కెమెరా) ఉంటే సంతోషం, లేకపోతే కొనక్కరలేదు.

మొదటి పని: నంబరు

బండి నడుపుతూ ఫోను తీయకండి. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం నడుపుతూ ఫోను చేత్తో పట్టుకుంటే, 2019 సవరణ తర్వాత, మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. విసిరినవాడి కంటే మీకే ఎక్కువ వదులుతుంది. వెంటపడి అడ్డగించడం, కిటికీ దగ్గరకు వెళ్లి నీతులు చెప్పడం కూడా వద్దు. నంబరును బిగ్గరగా మూడుసార్లు చదువుకోండి, పక్కకు ఆపండి, ఫోనులో మీ గొంతుతోనే రికార్డు చేయండి. వెనుక కూర్చున్నవారు ఉంటే వీడియో వాళ్ల పని.

నంబరు ప్లేటు మీద ఓడీ అంటే ఒడిశా బండి: ఓడీ 20 అంటే మన గజపతి జిల్లా, 18 రాయగడ, 07 గంజాం. శ్రీకాకుళం పాత బండ్లు ఏపీ 30. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 వరుస మొదలుపెట్టారు కనుక కొత్త బండి నంబరు చూసి జిల్లా చెప్పలేం. నాలుగు అంకెలకు ముందు వచ్చే వరుస అక్షరాల్లో ఐ, ఓ వాడరు. అక్కడ మీకు ఓ కనిపించిందంటే అది డీ గానీ క్యూ గానీ అయి ఉంటుంది.

రెండో పని: చోటు

తొందర ఉన్నవారు మిగతావన్నీ దాటేసినా ఇది మాత్రం నిదానంగా చదవండి.

మన దగ్గర ఊరు దాటీ దాటకముందే రాష్ట్రం మారిపోతుంది. బండి ఏ రాష్ట్రానిదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. చెత్త ఏ నేల మీద పడిందన్నదే లెక్క. ఒడిశా బండి ఆంధ్రా గట్టు మీద సీసా విసిరితే అది ఆంధ్రా వైపు వ్యవహారం. ఈ సంగతి నాకు తెలిసే సరికి రెండు వారాలు పోయాయి. ఒక కార్యాలయంలో ఇచ్చిన నా అర్జీ మీద ఎర్ర సిరాతో ‘ఈ స్థలం మా పరిధిలోది కాదు’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. వాళ్లను తప్పుపట్టలేను. నేను రాసింది ‘పాతపట్నం రోడ్డు మీద’ అని మాత్రమే. ఆ రోడ్డు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.

అందుకని బండి పోయాక వెనక్కి వచ్చి ఆ చెత్త దగ్గర నిలబడండి. ఫోటోలో చెత్తతో పాటు కదలని వస్తువు ఒకటి తప్పనిసరిగా పడాలి: కిలోమీటరు రాయి, నంబరు వేసిన కరెంటు స్తంభం, కల్వర్టు గోడ. చెట్టు పనికిరాదు, రేపు కొట్టేయవచ్చు. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే గ్రామీణ సడక్ యోజన రోడ్డు. రంగు కూడా రాసుకోండి, రోడ్డు ఎవరిదో దాన్నిబట్టే తెలుస్తుంది.

సరిహద్దు దగ్గర్లో దుకాణాల బోర్డులను నమ్మకండి. ఇవతల కూడా తెలుగు బోర్డులున్నాయి, అవతల ఒడియా బోర్డులున్నాయి. ఫోను మ్యాపులో గీసిన గీతనూ నమ్మను. నేను చేసేది ఒకటే. దగ్గర్లోని దుకాణంలో టీ తాగి, కరెంటు బిల్లు ఏ కంపెనీది అని అడుగుతాను. టీపీఎస్‌ఓడీఎల్ అన్నారా, ఒడిశా. ఏపీఈపీడీసీఎల్ అన్నారా, ఆంధ్ర. ‘మీది ఏ రాష్ట్రం?’ అని నేరుగా అడిగితే మా ఆకుల కొట్టు పెద్దాయన ‘రెండూ మావే బాబూ’ అని నవ్వి ఊరుకుంటాడు. బిల్లు మాత్రం ఒకటే వస్తుంది కదా.

ఆ తర్వాత మ్యాపులో మీరున్న చోట వేలు నొక్కిపట్టి అక్షాంశ రేఖాంశాల అంకెలు రాసుకోండి. చుక్క తర్వాత నాలుగు అంకెలు ఉండాలి. నాలుగు ఉంటే సుమారు పదకొండు మీటర్లలోపు చోటు తేలుతుంది, రెండే రాస్తే కిలోమీటరు తేడా వస్తుంది.

ఫోటో, వీడియోల అసలు ఫైలు ఫోనులోనే ఉండాలి. కత్తిరించకండి, ఎర్ర బాణాలు గీయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, తీసిన సమయం వివరాలు ఊడిపోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి. వ్యవహారం కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాల్సి రావచ్చు, అప్పుడు అసలు ఫైలే ఆధారం. నంబరు కనిపించేలా ఫేస్‌బుక్‌లో పెట్టి తిట్టిపోయడం ఫిర్యాదు కాదు. అంకె తప్పు పడితే పరువు నష్టం కేసు మీ మీదికే వస్తుంది.

మూడో పని: ఎవరికి ఇవ్వాలి

నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్ కట్టమనేవాళ్లను చూస్తే నాకు నీరసం వస్తుంది. ప్రజలకు ఇబ్బంది కలిగించడం భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద నేరమే, జరిమానా 1,000 రూపాయల దాకా (పాత శిక్షాస్మృతిలో 200 ఉండేది). కానీ మేజిస్ట్రేటు ఆదేశం లేనిదే పోలీసులు దాని మీద దర్యాప్తు చేయలేరు. ఎక్కడైనా నమోదు చేయించుకోవచ్చని చెప్పుకునే జీరో ఎఫ్ఐఆర్ దీనికి వర్తించదు. విసిరింది గాజు సీసా అయి ఎవరికైనా తగిలితే, లేదా త్రుటిలో తప్పితే, అది వేరే కథ. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే పనులకు 125వ సెక్షన్ ఉంది. అప్పుడు 112కు ఫోను చేయండి.

మామూలు చెత్తకైతే స్థానిక సంస్థే దిక్కు. వ్యర్థాలను రోడ్డు మీద, కాలువలో, చెరువులో పడేయకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే స్పష్టంగా రాశారు (2026లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి). అక్కడికక్కడే జరిమానా వేసే ఉపనియమాలు చేసుకోమని స్థానిక సంస్థలకు చెప్పారు. పర్లాకిమిడి పట్టణంలో అయితే మున్సిపాలిటీ, బయట ఊళ్లలో పంచాయతీ, ఆంధ్రా వైపు గ్రామ సచివాలయం. జాతీయ రహదారి మీద గాజు ముక్కలు, రాళ్లు పడి ఉంటే ముందు 1033కు చెప్పి తీయించండి. రైలు నుంచి విసిరితే 139. రైల్వే ఆవరణల పరిశుభ్రతకు 2012 నుంచే విడిగా నియమాలున్నాయి, జరిమానా 500 దాకా. గుణుపురం రైలులో వేరుశనగ తొక్కలు రాల్చేవాళ్లకు ఈ సంగతి నేనే చాలాసార్లు వినిపించాను, ఫలితం అంతంతమాత్రం.

నాలుగో పని: రాయడం

ఒకే పేజీ. తేదీ, సమయం, చోటు, బండి నంబరు, ఏ కిటికీ నుంచి ఏమి పడింది, ఇంతే. ‘వెనుక ఎడమ కిటికీ నుంచి తెల్ల ప్లాస్టిక్ సంచి’ అని రాయండి. ‘ఫలానా వారి అబ్బాయి’ అని రాయకండి. నంబరు వెతికితే దొరికేది యజమాని, విసిరింది ఎవరో మీకు తెలియదు. చూసింది రాయండి, ఊహించింది వద్దు.

ఒడిశా వైపు ఇచ్చే అర్జీ ఒడియాలో ఉంటే బల్ల మీద నుంచి త్వరగా కదులుతుంది. రాయడం రాకపోతే పిల్లల్ని అడగండి, బడిలో నేర్చుకున్నదే. రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకునేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలకండి. ‘సాయంత్రం రండి’ అంటే సాయంత్రమే వెళ్లండి.

పదిహేను రోజులయ్యాక ఆ ముద్ర ఉన్న ప్రతినే పట్టుకెళ్లి అడగండి. కోపంలో కొత్త అర్జీ రాసివ్వకండి, ఇచ్చారంటే లెక్క మళ్లీ ఆ రోజు నుంచే మొదలవుతుంది.