జేమ్స్ జాయిస్ ఇంగ్లీషు నవల 'యులిసిస్' పైకి చదువుతుంటే వింటున్నవాళ్లు దారి తప్పుతున్నారా?

చదివేవారు తడబడకుండా చదువుతారు. వినేవారు పుస్తకంలోంచి తల ఎత్తరు. పేజీ అయ్యాక "ఇప్పుడు ఏమి జరిగింది?" అని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పరు. నాలుగో వారానికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. "జాయిస్ మనకు అందడు" అని మిగిలినవారు తీర్మానిస్తారు. ఈ నవలను బృందాలతో చాలాసార్లు చదివించాను. ఆ తీర్మానానికి వచ్చే ముందు చూడవలసినవి చూసిన బృందం అరుదు.

ముందుగా: అందరి చేతిలో ఉన్నది ఒకే ముద్రణేనా?

ప్రతిసారీ చెబుతాను, ప్రతిసారీ దాటేస్తారు. 1922లో పారిస్‌లో వెలువడిన పాఠం ఒకరి దగ్గర, 1961 నాటి అమెరికా ముద్రణ ఒకరి దగ్గర, 1984లో గాబ్లర్ అనే పండితుడు పరిష్కరించిన ప్రతి మరొకరి దగ్గర ఉంటాయి. ఇంకొకరు ఫోనులో చదువుతుంటారు, అందులో పేజీ సంఖ్యలే ఉండవు. "నలభై రెండో పేజీ" అనగానే గదిలో సగం మంది కాగితాలు తిరగేస్తూ మొదటి పది వాక్యాలు పోగొట్టుకుంటారు. ఒకే ప్రతి తెప్పించుకోండి. కుదరకపోతే అధ్యాయం సంఖ్య, పేరా మొదటి మాటలు చెప్పి మొదలుపెట్టండి. గాబ్లర్ ప్రతిలో వరుసలకు కూడా సంఖ్యలు ఉంటాయి కనుక అది బృందానికి అనువైనది. టెలిమకస్, కాలిప్సో వంటి అధ్యాయాల పేర్ల కోసం పుస్తకంలో వెతకకండి. విమర్శకులు వాడే ఆ పేర్లను జాయిస్ నవలలో అచ్చు వేయించలేదు. ఉన్నవి 18 అధ్యాయాలు, అంతే.

ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే

జాయిస్ సంభాషణకు కొటేషన్ గుర్తులు వాడలేదు. మాట మొదలయ్యే చోట ఒక అడ్డగీత ఉంటుంది, ముగిసే చోట ఏ గుర్తూ ఉండదు. చదివేవారు ముందురోజు ఒకసారి చూసుకుని, మాట ఆగే చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే చాలు.

అన్నీ సరిగ్గా ఉన్నా అర్థం కాకపోతే

నన్ను చాలాకాలం మోసం చేసిన కారణం ఇది. ఒక బృందంలో నాలుగో అధ్యాయం దగ్గర అందరూ మౌనంగా ఉండిపోతే, ఇబ్బంది పదాలతోనే అనుకున్నాను. పదకోశం తయారుచేసి పంచాను, వాక్యవాక్యానికీ ఆపి వివరణలు చదివించాను. ఒక సాయంత్రమంతా ఒక్క పేజీకే సరిపోయింది. రెండు వారాల్లో ఆ బృందం చెదిరిపోయింది. అసలు లోపం పదాల్లో లేదు.

ఆ అధ్యాయం మొదటి పేజీ తీయండి. కథానాయకుడు బ్లూమ్ వంటింట్లో భార్య మాలీ కోసం ఫలహారం పళ్లెం సర్దుతున్నాడు. అతను కెటిల్ తీసి నిప్పు మీద పెట్టాడని కథకుడు చెబుతాడు. వెంటనే, కాసేపట్లో టీ వస్తుంది, బాగుంది, నోరు ఎండిపోయింది అనే అర్థంలో మూడు తునకలు వస్తాయి. వాటిలో కర్త లేదు, క్రియ లేదు. అవి కథకుడి మాటలు కావు, బ్లూమ్ తలలో కదిలినవి. ఆ వెంటనే పిల్లి తోక ఎత్తుకుని బల్ల కాలు చుట్టూ తిరగడం మళ్లీ కథకుడి వంతు. మూడు వరుసల్లో రెండుసార్లు గొంతు మారింది, మారినట్టు చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

ఇక్కడ తెలుగు చెవికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన భాషలో కర్తను వదిలేసినా "వచ్చాను", "వచ్చాడు", "వచ్చింది" అనే క్రియే మనిషిని పట్టిస్తుంది. చిన్నప్పటి నుంచీ వాక్యం చివర క్రియ కోసం ఎదురుచూసి, అది వచ్చాక మనసులో ముడి వేసుకుంటాం. బ్లూమ్ ఆలోచనల్లో ఆ క్రియ రాదు. దాంతో ఆ తునకను ముందు వాక్యానికే తగిలించి కథకుడి ఖాతాలో వేసేస్తాం.

చదివేవారు ఎంత ధారాళంగా చదివితే ఈ లోపం అంత లోతుగా దాక్కుంటుంది. తడబడే పాఠకుడు తునకల దగ్గర ఆగుతాడు కనుక అతుకు వినిపిస్తుంది. మంచి పాఠకుడు అదే గొంతుతో సాగిపోతాడు. మనమేమో బృందం నీరసించిందని ఆ మంచి పాఠకుడికే ఇంకో నాలుగు పేజీలు అప్పగిస్తాం.

అవునో కాదో తేల్చుకోవడం తేలిక. పది వరుసలు చదివించి పుస్తకాలు మూయించండి. వీటిలో బయటి నుంచి చూసి చెప్పినవి ఏవి, బ్లూమ్ తలలోవి ఏవి అని అడగండి. జవాబులు కలవకపోతే జబ్బు ఇదే. అనుమానమున్న వాక్యాన్ని తెలుగులో చెప్పించండి. "ఎండిపోయింది" అనేవారు "నా నోరు" అంటారా, "అతని నోరు" అంటారా అన్నది వెంటనే బయటపడుతుంది.

మందు కూడా పెన్సిలే. చదవవలసిన రెండు పేజీలను వారం ముందే ఒకరికి ఇవ్వండి, గదిలో వరుసగా తిప్పకండి. వారు ఆలోచనల కింద గీతలు గీసుకుని రావాలి. మొదటి నెల ఇద్దరు చదవాలి: ఒకరు కథకుడు, ఒకరు బ్లూమ్ మనసు. తర్వాత ఒక్కరే చాలు. గొంతు మారే చోట అరక్షణం ఆగి, స్వరం కాస్త దించితే సరిపోతుంది, నటన అక్కరలేదు. అదే పేజీలో ఆమెకు (మాలీకి) పళ్లెం నిండుగా ఉంటే నచ్చదన్న వాక్యంలాంటివి ఎటూ తేలవు. వాటిని రెండు విధాలా చదివి వినిపించండి, బృందానికి అసలు చర్చ అక్కడే పుడుతుంది. వివరణల పుస్తకం చదవడం ముగిశాకే తెరవాలి.

మూడో అధ్యాయంలో నవలలోని మరో ముఖ్యపాత్ర స్టీఫెన్ డబ్లిన్‌లోని శాండీమౌంట్ తీరంలో నడుస్తుంటాడు. అక్కడ దాదాపు అంతా ఆలోచనే కనుక కథకుడి వాక్యాల కిందే గీతలు పెట్టండి. అయినా కదలకపోతే ముందు నాలుగోది చదివి వెనక్కి రండి. నాలుగో అధ్యాయం మొదటి అధ్యాయంలాగే 1904 జూన్ 16 ఉదయం ఎనిమిదికి మొదలవుతుంది కనుక కథాకాలం చెడదు. ఇంగ్లీషుకు ముందు ఒక సాయంత్రం నవీన్ తెలుగు నవల 'అంపశయ్య' పేజీలు కొన్ని పైకి చదివిన బృందాలకు చైతన్య స్రవంతి (పాత్ర మనసులోని ఆలోచనలను వచ్చినవి వచ్చినట్టే రాసే పద్ధతి) వినడం త్వరగా పట్టుబడింది.

మిగిలినవి

పదకొండో అధ్యాయం మొదట్లోని తునకలు తర్వాత వచ్చే శబ్దాలకు ముందస్తు పల్లవి. ఆగకుండా చదివేయండి. పదిహేనోది నాటకం రూపంలో ఉంది, పాత్రలు పంచుకోండి. లాటిన్ ఉచ్చారణ, ఐరిష్ యాస గురించి దిగులు వద్దు. ఎనిమిది సుదీర్ఘ వాక్యాలుగా సాగే చివరి అధ్యాయానికి అందరూ భయపడతారు కానీ అక్కడ ఉన్నది మాలీ మనసు ఒక్కటే. గొంతు మారే బెడద లేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూసుకుంటే చాలు.

గొంతు మార్పు చెవికి అందడం లేదనిపిస్తే 1982లో ఐర్లండ్ జాతీయ రేడియో నటీనటులతో చదివించిన పూర్తి పాఠంలో నాలుగో అధ్యాయం మొదటి ఐదు నిమిషాలు వినిపించండి. అది మొత్తం దాదాపు 30 గంటలు. ఐదు నిమిషాల తర్వాత ఆపేసి పుస్తకం మీ వాళ్ల చేతికే ఇవ్వండి.